హైదరాబాద్ నుంచి గోవా బైక్ ర్యాలీకి బండి మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు దగ్గరపడుతోందంటే మన రైడర్లందరి నోటా ఒకటే మాట, గోవా. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబులు హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవాళ్లకు దారి విడిగా చెప్పాను.

గోవాలో బైక్ ర్యాలీ అంటే ఏది? ఎప్పుడు?

రెండు పేర్లు వినపడతాయి. ఒకటి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల మోటోవర్స్. చాలా ఏళ్లు రైడర్ మేనియా అని జరిగిన పండగే ఇది, 2023లో పేరు మారింది. ఉత్తర గోవాలోని వగాతోర్‌లో, మామూలుగా నవంబరు మూడో వారం, నాలుగో వారం ప్రాంతంలో శుక్ర, శని, ఆదివారాలు జరుగుతుంది. 2023లో హిమాలయన్ 450, 2024లో గోవన్ క్లాసిక్ 350 బండ్లు మార్కెట్లోకి వచ్చింది ఈ వేదిక మీదే. డర్ట్ ట్రాక్ పోటీలు, సొంతంగా మార్చి కట్టిన బండ్ల ప్రదర్శన, రాత్రి పాటలు, అన్నిటికీ మించి దేశం నలుమూలల నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చిన బండ్లను వరసగా చూడటం, వాటి యజమానులతో మాట్లాడటం.

రెండోది ఇండియా బైక్ వీక్. 2013లో గోవాలో మొదలైంది. అన్ని కంపెనీల బండ్లూ వస్తాయి. అయితే దీని వేదిక ప్రతిసారీ గోవాయే కాదు. 2021లో లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీలో జరిగింది. అందుకని తేదీ, ఊరు నిర్వాహకుల సైటులో చూసి, టికెట్ కొన్నాకే గది బుక్ చేయండి. కింద రాసిందంతా వగాతోర్ వెళ్లేవాళ్ల కోసం.

ఎంత దూరం? ఒక్క రోజులో వెళ్లిపోవచ్చా?

దారిని బట్టి 650 నుంచి 700 కిలోమీటర్లు. ఒక్క రోజులో వెళ్లేవాళ్లు ఉన్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను, ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాను.

లెక్క చూడండి. నవంబరు చివర్లో మన దగ్గర ఆరున్నరకు గానీ ఎండ రాదు. సాయంత్రం ఐదున్నర దాటితే వెలుతురు జారిపోతుంది. అంటే చేతిలో ఉన్నది పదకొండు గంటలు. రాయచూరు దాటాక రోడ్డు చాలాచోట్ల రెండు వరసలే. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, పశువులు తగులుతూ ఉంటాయి. టీలు, భోజనం, పెట్రోలు ఆగడాలు కలుపుకుంటే గంటకు సగటున 50 కిలోమీటర్లు పడితే గొప్ప. పదకొండు గంటలకు 550. మిగిలిన నూరు, నూటయాభై కిలోమీటర్లు ఎక్కడ పడతాయంటే సరిగ్గా బెళగావి దాటాక గోవాలోకి దిగే చోర్లా ఘాట్‌లో, చీకట్లో, ఒళ్లు పూర్తిగా అలిసిపోయాక. దారి మొత్తంలో అత్యంత జాగ్రత్తగా నడపాల్సిన ముక్క అదే.

దూరం చూసి ప్లాన్ వేయకండి, వెలుతురు చూసి వేయండి. మొదటి రోజు కర్ణాటకలోని బాగల్‌కోట్ దాకా, అంటే సుమారు 400 కిలోమీటర్లు. రెండో రోజు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం ఘాట్ దిగి, భోజనం వేళ కాస్త అటూఇటూగా వగాతోర్‌లో ఉంటారు. ఓపికున్నవాళ్లు మొదటి రోజే బెళగావి చేరుకోవచ్చు. కానీ చీకటి పడేలోపు చేరలేమని బాగల్‌కోట్‌లో అనిపిస్తే అక్కడే ఆగిపోండి.

ఇంకో సంగతి. మనం వెళ్లేది పడమటికి. పొద్దున సూర్యుడు వీపు మీద ఉంటాడు, హాయిగా సాగుతుంది. నాలుగు దాటాక నేరుగా కళ్లలోకి కొడతాడు. ఎదురుగా వచ్చే బండి కూడా నీడలాగే కనపడుతుంది. ఆ గంటన్నర వేగం బాగా తగ్గించండి. తిరిగొచ్చేటప్పుడు ఈ ఇబ్బంది పొద్దున్నే ఎదురవుతుంది.

ఏ దారి మంచిది?

నేను చెప్పేది రాయచూరు దారి. షాద్‌నగర్, జడ్చర్ల దాకా 44వ నంబరు జాతీయ రహదారి. జడ్చర్లలో కుడివైపు తిరిగి మహబూబ్‌నగర్, దేవరకద్ర, మక్తల్. తర్వాత కృష్ణ దాటి రాయచూరు. అక్కణ్నుంచి లింగసుగూరు, ముద్గల్, హునగుంద, బాగల్‌కోట్, లోకాపుర, యరగట్టి, బెళగావి. బెళగావి నుంచి జాంబోటి, కణకుంబి మీదుగా చోర్లా ఘాట్. దిగితే సాంఖళి, డిచోలి, మాపుసా, వగాతోర్. కణకుంబిలో ఐదు నిమిషాలైనా ఆగండి. మలప్రభ పుట్టేది అక్కడే. హునగుంద దగ్గరి కూడలసంగమలో ఆ నది కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలంలో, సాగర్‌లో మనం చూసే నీళ్లలో ఈ కొండ నీళ్లూ ఉన్నాయి.

హంపి చూడాలనుకుంటే కర్నూలు, బళ్ళారి, హోసపేటె, గదగ్, హుబ్బళ్ళి దారి పట్టండి. దూరం పెరుగుతుంది, కానీ రోడ్డు చాలావరకు వెడల్పు. ఆ వైపు నుంచి గోవాలోకి అన్‌మోడ్ ఘాట్ ఒకటి ఉంది. వానలకు కొండచరియలు విరిగిపడే చోటు అది. బయల్దేరే వారంలో తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

హైదరాబాద్‌లో ఒక జాగ్రత్త. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ మీదికీ, మెహదీపట్నం పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ టూవీలర్లను రానివ్వరు. తెల్లవారుజామున మ్యాప్ చూపించిందని ఎక్కేస్తారు చాలామంది. అత్తాపూర్ మీదుగా కింది రోడ్డు పట్టుకుని ఆరాంఘర్ చేరండి.

ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లం, హైదరాబాద్ రావాలా?

అక్కర్లేదు. నెల్లూరు, కడప వైపువాళ్లకు 67వ నంబరు జాతీయ రహదారి ఉంది. నెల్లూరు, బద్వేలు, మైదుకూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, బళ్ళారి, హోసపేటె, హుబ్బళ్ళి, అంతా అదే రోడ్డు. గుంటూరు, విజయవాడ వాళ్లు వినుకొండ, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల, కర్నూలు చేరుకుని ఆలూరు మీదుగా బళ్ళారి పోవచ్చు. మీకు రెండు రోజులు చాలవు, మధ్యలో రెండు రాత్రులు పెట్టుకోండి. నవంబరులో కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు ఉంటాయి. బయల్దేరే రోజు వానకోటు బ్యాగు అడుగున కాకుండా పైన పెట్టుకోండి.

దారిలో దేనికి భయపడాలి?

చెరుకు ట్రాక్టర్లకి. నవంబరంటే ఉత్తర కర్ణాటకలో చక్కెర ఫ్యాక్టరీలు ఆడే కాలం. బాగల్‌కోట్, బెళగావి జిల్లాల్లో ఒక్కో ట్రాక్టరు వెనక రెండేసి ట్రాలీలు, వాటి నిండా చెరుకు. గడలు పక్కలకు అడుగు, రెండడుగులు పొడుచుకొచ్చి ఉంటాయి. వెనక లైటు ఉండదు, ఉన్నా గడల చాటున కనపడదు. పాటలు పెద్దగా పెట్టుకుంటారు కాబట్టి మీ హారన్ డ్రైవరుకు వినపడదు. పగలు దాటేటప్పుడు ట్రాలీకి ఒక మనిషి ఎడం ఉంచి, ఎదురుగా రోడ్డు పూర్తిగా ఖాళీగా కనపడ్డాకే దాటండి. రెండు ట్రాలీల పొడవు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. రాత్రి ఆ రోడ్డు మీద ఉండకపోవడమే మందు. నేను చీకటి గురించి ఇంత పట్టుబట్టేది ముఖ్యంగా వీటి వల్లే.

తర్వాత మొక్కజొన్న. మహబూబ్‌నగర్ దాటిన దగ్గర్నుంచీ రైతులు గింజల్ని తారురోడ్డు మీదే ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు పడితే చక్రం జారిపోవడం ఖాయం. చుట్టూ పెట్టిన రాళ్లు కూడా సాయంత్రం గింజలు ఎత్తేశాక ఒక్కోసారి అక్కడే ఉండిపోతాయి. రోడ్డు మీద గింజల పసుపు గీత దూరం నుంచి కనపడగానే వేగం తగ్గించుకోండి.

ఊరి మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. బడి, గుడి, బస్టాండు కనపడితే స్పీడ్ బ్రేకర్ ఉందనే అనుకోండి. కన్నడ బోర్డులు మనం కూడబలుక్కుని చదువుకోవచ్చు, లిపి దగ్గరదే కదా.

నాది 125 సీసీ బండి. వెళ్లగలనా?

వెళ్లగలరు. బండి కండిషన్‌లో ఉంటే చిన్నదైనా చేరుస్తుంది. ఎలాగూ నాలుగు వరసల రోడ్డు మీద టూవీలరుకు చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం 80, మామూలు రోడ్ల మీద 60. 125 బండి 60, 65 మీద హాయిగా నడుస్తుంది. గంటకోసారి పది నిమిషాలు ఆపండి, మీకూ ఇంజనుకూ మంచిది. 350, 450 బండ్ల గుంపులో మీరొక్కరే చిన్న బండి మీద ఉంటే ముందే మాట్లాడుకోండి, మీ వేగానికే గుంపు నడవాలి. వాళ్లు ఒప్పుకోకపోతే విడిగా బయల్దేరి బాగల్‌కోట్‌లో కలవండి. వాళ్లను అందుకోవాలని యాక్సిలరేటర్ తిప్పడమే అసలు ప్రమాదం.

బండి సరే, నేను ఎంత సాధన చేయాలి?

కనీసం ఒకసారి రోజుకు 300 కిలోమీటర్లు పైబడి నడిపి ఉండాలి. మనకు శ్రీశైలం మంచి పరీక్ష. పోను రాను 400 దాటుతుంది, ఘాట్ కూడా ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు మూసేస్తారు కాబట్టి వెలుతురులో నడపడం అలవాటవుతుంది. మర్నాడు నడుం, మణికట్టు, మెడ ఎక్కడ పట్టేసిందో చూసుకోండి. గోవా దారిలో అదే చోట అంతకు రెట్టింపు నొప్పి వస్తుంది. సీటు, హ్యాండిల్ ఎత్తు, హెల్మెట్ బరువు మార్చుకోవాల్సింది అప్పుడే.

బండికి ఏం చేయించాలి? ఏ స్పేర్లు పట్టుకెళ్లాలి?

సర్వీసు బయల్దేరే ముందురోజు వద్దు. పది రోజుల ముందు చేయించి, ఆ తర్వాత కనీసం 200 కిలోమీటర్లు తిప్పండి. మెకానిక్ బిగించనిది, ఎక్కువ బిగించింది, ఆయిల్ కారేది, అన్నీ ఆ 200లోనే బయటపడతాయి. కొత్త టైర్లు వేయిస్తే అవి కూడా అరిగి పట్టు రావాలి.

చైను లూజు మాన్యువల్‌లో రాసినంతే ఉంచండి. లగేజీ వేసి, వెనక మనిషి కూర్చున్నాక చైను ఇంకా బిగుసుకుంటుంది, అందుకని మరీ టైటుగా పెట్టించకండి. 500 కిలోమీటర్లకోసారి, రాత్రి బస చేసినచోట బండి వేడిగా ఉన్నప్పుడే చైన్ స్ప్రే కొట్టండి. తెల్లారేసరికి పట్టుకుంటుంది. టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. వెనక మనిషి ఉంటే ఎంతుండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో చైన్ గార్డ్ మీదో స్టిక్కరు ఉంటుంది.

స్పేర్లలో మొదటిది క్లచ్ కేబుల్. దాన్ని బ్యాగులో వేసుకోవడం కంటే మంచి పద్ధతి ఒకటుంది. పాత కేబుల్ పక్కనే కొత్తదాన్ని హ్యాండిల్ నుంచి ఇంజను దాకా ఇంట్లోనే లాగించేయండి. రెండు కొసలకీ దుమ్ము పోకుండా టేపు చుట్టి, జిప్ టైలతో పాతదానికి కట్టేయండి. దారిలో పాతది తెగితే ట్యాంకు విప్పే పని లేదు. టేపు పీకి, పైన లివరుకు, కింద ఇంజను దగ్గర తగిలించి, లూజు సరిచేసుకుంటే పదిహేను నిమిషాల్లో బండి కదులుతుంది. యాక్సిలరేటర్ కేబుల్‌కు కూడా అంతే.

స్పోకు చక్రాలైతే రెండు ట్యూబులు, టైరు విప్పే లివర్లు, గాలి పంపు. అల్లాయ్ ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు చాలు. ఫ్యూజులు, ఒక స్పార్క్ ప్లగ్గు, క్లచ్ బ్రేక్ లివర్లు, హెడ్‌లైట్ బల్బు. అంతకు మించి మోయకండి. అసలు పంక్చర్ వేయడం ఇంటి దగ్గర ఒకసారి మీ చేత్తో మీరు చేసి చూడకుండా కిట్టు కట్టుకెళ్లి ప్రయోజనం లేదు.

పెట్రోలు ఎక్కడ పోయించాలి?

క్లాసిక్ 350 ట్యాంకు 13 లీటర్లు. సుమారు 400 కిలోమీటర్లు వస్తుంది, కానీ 250 దాటగానే పోయించేయండి. కర్ణాటకలో, గోవాలో లీటరు ధర తెలుగు రాష్ట్రాల కంటే తక్కువ, అందుకని రాయచూరు దాటాక ఫుల్ చేసుకోండి. బెళగావిలో మళ్లీ నింపుకుని ఘాట్ ఎక్కండి.

హెల్మెట్, జాకెట్ల మీద ఎంత ఖర్చు పెట్టాలి?

ఉన్న డబ్బులో మొదటి వాటా హెల్మెట్‌కు. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఫుల్ ఫేస్ కొనండి. నల్ల అద్దం ఉంటే మామూలు అద్దం కూడా వెంట ఉంచుకోండి. తర్వాత గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు. ఆ తర్వాత భుజం, మోచేయి, వీపుకు ప్యాడ్లున్న, గాలి ఆడే మెష్ జాకెట్. నవంబరు తెల్లవారుజాము చలిగా ఉంటుంది, లోపల పలచని స్వెటర్ వేసుకుంటే ఎనిమిదింటికి తీసేయవచ్చు. వెనక కూర్చునేవాళ్లకూ ఇవన్నీ కావాలి. భార్యకో, స్నేహితుడికో సగం తలకు వచ్చే హెల్మెట్ ఇచ్చి మీరు వేలు పోసింది పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు.

కాగితాలు ఏమేం ఉండాలి? టోల్ కట్టాలా?

లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్. డిజిలాకర్‌లో ఉంటే చాలు, కానీ సిగ్నల్ లేనిచోట ఇబ్బంది కాబట్టి జిరాక్సు కాపీ కూడా పెట్టుకోండి. ఇన్సూరెన్సులో యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోండి. జాతీయ రహదారుల మీద టూవీలర్లకు టోల్ లేదు, ఎడమ చివరి లేన్‌లోంచి వెళ్లిపోవడమే.

గుంపుగా వెళ్తే ఎలా నడపాలి?

ఆరు నుంచి ఎనిమిది బండ్లు చాలు. ఎక్కువమంది ఉంటే రెండు గుంపులు చేయండి. ముందు దారి తెలిసినవాళ్లు, అందరికంటే వెనక అనుభవం, పనిముట్లు రెండూ ఉన్నవాళ్లు. కొత్తవాళ్లు ముందు బండికి సరిగ్గా వెనకే. నేరుగా ఒకరి వెనక ఒకరు కాకుండా కుడి, ఎడమ, కుడి, ఎడమగా నడపాలి. ఘాట్‌లో మాత్రం ఒకే వరస. ప్రతివాళ్లూ అద్దంలో తమ వెనకబండిని చూసుకుంటూ ఉండాలి. కనపడకపోతే ఆగాలి. ఇదొక్కటి పాటిస్తే ఎవరూ తప్పిపోరు. చోర్లాలో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి కలుసుకునే చోట్లు ముందే అనుకోండి: రాయచూరు, హునగుంద, బాగల్‌కోట్, జాంబోటి, సాంఖళి.

తిండి సంగతి?

మధ్యాహ్నం బిర్యానీ తిని బండెక్కితే రెండింటికల్లా కళ్లు మూతపడతాయి. ఆ దారిలో ఖానావళి (భోజనశాల) అని రాసి ఉన్న చోట జొన్నరొట్టె, గుత్తివంకాయ, పెరుగు దొరుకుతాయి. కడుపు తేలిగ్గా ఉంటుంది. హునగుంద దాటాక అమీనగఢ్‌లో కరదంటు కొనుక్కోండి. బెల్లం, గోందు (తినే బంక), డ్రైఫ్రూట్లతో చేసే మిఠాయి అది. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే గంట ఓపిక వస్తుంది. నీళ్లు దాహం వేయకపోయినా తాగాలి, గాలికి చెమట తెలియదు.

ఖర్చు ఎంతవుతుంది?

పోను రాను, గోవాలో తిరుగుడు కలిపి 1,500 కిలోమీటర్లనుకుంటే, లీటరుకు 30 చొప్పున 50 లీటర్లు. అంటే ఐదు వేలు పైన పెట్రోలు. మిగతాదంతా గది, తిండి, టికెట్ మీద ఆధారపడుతుంది. ర్యాలీ రోజుల్లో వగాతోర్, అంజునా గదులు బాగా పెరుగుతాయి. మాపుసాలోగానీ శివోలీలోగానీ దిగితే కొంత తగ్గుతుంది, దూరం కూడా ఎక్కువ కాదు.

సెలవు లేదు. బండి రైల్లో పంపొచ్చా?

పంపొచ్చు. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఆర్సీ, గుర్తింపు కార్డు కాపీలు ఇవ్వాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ప్యాకింగ్ మీరే చేయించుకోవాలి. అద్దాలు విప్పి బ్యాగులో వేసుకోండి. దిగగానే దగ్గరి బంకు దాకా తోసుకెళ్లాల్సి వస్తుంది. శుక్రవారం నైట్ షిఫ్ట్ ముగించుకుని అలాగే బండెక్కే ఆలోచన ఉన్నవాళ్లకు ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ల భయం న్యాయమైందే. మాటలతో కాదు, కాగితం మీద చూపించండి. ఏ రోజు ఏ ఊళ్లో పడుకుంటారు, హోటల్ నంబరు, తోడొచ్చే ఇద్దరి నంబర్లు రాసి ఇవ్వండి. ఆగిన ప్రతిచోట నుంచీ ఫోన్ చేస్తానని, నడిపేటప్పుడు ఎత్తనని ముందే చెప్పండి, లేకపోతే అమ్మ పదిసార్లు చేసి కంగారుపడుతుంది. మీ రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన చీటీ జాకెట్ జేబులో ఉంచండి. అత్యవసరానికి 112, జాతీయ రహదారి సాయానికి 1033.

ర్యాలీలో ఏం జాగ్రత్త?

తాగితే బండి ముట్టుకోవద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గది నడిచి వెళ్లే దూరంలో ఉంటే ఈ గొడవే లేదు. సైలెన్సర్ మార్చి చెవులు బద్దలు కొట్టకండి. ఆ ఊళ్లో పసిపిల్లలూ, ముసలివాళ్లూ ఉన్నారు, మనం మూడు రోజుల చుట్టాలం.

తిరుగు ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలి?

ఆదివారం రాత్రి ఆటపాటలు ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది. సోమవారం తెల్లారగట్లే బయల్దేరి మంగళవారం ఆఫీసుకు వెళ్లాలనుకునే ప్లాను మొత్తం ప్రయాణంలో నాకు భయం పుట్టించే భాగం. మూడు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు, ఉత్సాహం అయిపోయింది, ఎదురుగా పొద్దుటి ఎండ. సోమవారం పది దాకా పడుకుని బయల్దేరి బెళగావిలోనే ఆగిపోండి. లేదా ఆదివారం సాయంత్రపు కార్యక్రమం వదులుకుని తొందరగా పడుకోండి. నిద్ర కోసం ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టలేకపోతే ఈ ఏడాది రైలు మాటే ఆలోచించండి.

దారిలో ఆవులింతలు మొదలైతే టీతో నెట్టుకురాకండి. నీడ చూసి, బండికి తాళం వేసి, హెల్మెట్ తలకింద పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోండి.

ఇల్లు చేరాక బండికి ఏం చేయాలి?

మర్నాడే కడిగించండి. సముద్రపు గాలి ఉప్పు స్పోకుల మీద, చైను మీద, సైలెన్సర్ జాయింట్ల దగ్గర పట్టి వారంలో తుప్పు తెస్తుంది. మామూలు నీళ్లతో మెల్లగా కడగాలి, ప్రెషర్ గన్ చక్రాల బేరింగుల మీద కొట్టనివ్వకండి. ఆరాక చైను తుడిచి స్ప్రే కొట్టి, స్పోకులు ఒక్కొక్కటీ వేలితో మీటి చూడండి. మొద్దుగా మోగినవి వదులైనట్టు, మెకానిక్ చేత బిగించుకోవాలి. బ్రేక్ ప్యాడ్లు ఘాట్‌లో బాగా అరుగుతాయి, అవీ ఒకసారి చూడమనండి.